భయానికి మార్కులు

ఆ ఉదయం ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కినప్పుడు సింధు వేసుకున్న పథకం చాలా చిన్నది. దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో మానసిక వైద్యురాలు తన్మయికి చూపించుకోవాలి, ఇంకెవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చి పడాలి. నలుగురిలో నోరు విప్పాలంటే ఆ పిల్లకు ముచ్చెమటలు పోస్తాయి. ఇప్పటికే రెండు ఇంటర్వ్యూలకు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. మూడోది సోమవారం. అదీ పోతే మళ్లీ ప్రయత్నించే ఓపిక తనకు ఉండదని ఆమెకు తెలుసు.

కౌంటర్లో అమ్మాయి ఒక ఫారం, పెన్ను ఇచ్చి టీకి వెళ్లింది. ఫారంలో ఇరవైనాలుగు సందర్భాలు. ఒక్కోదానికి భయం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. అన్నీ కలిపితే బెరుకు ఎంత ముదిరిందో తేలుతుంది.

పెన్నున్న మనిషి కనబడితే మన జనం ఊరుకుంటారా? ఎముకల డాక్టరు కోసం పక్క కుర్చీలో కూర్చున్న మణెమ్మ వంగి చూసింది.

"గీ కాయితం నాకియ్యలేదేంది? జర నాది గూడ రాసియ్యి బిడ్డా."

ఇది మీకు కాదండీ అంటే సరిపోయేది. అనలేకపోయింది. ఎదుటివాళ్లకు కాదని చెప్పడం కూడా ఆ ఫారంలో ఒక ప్రశ్నే మరి. తన కాగితం మీదే మణెమ్మ పేరు రాసింది.

"నలుగురి ముందు ఫోన్ మాట్లాడాలంటే భయమాండీ?"

"భయమెందుకు? మీర్‌పేట్ల నేను మాట్లాడ్తే చంపాపేట్ల ఇనొస్తది."

"కొత్తవాళ్లతో మాట్లాడాలంటే?"

"నువ్వు నాకు ఎర్కనా? మాట్లాడ్తలేనా?"

ఇరవైనాలుగు సున్నాలు! ఇలాంటి మనిషి కూడా భూమ్మీద ఉంటుందా అని సింధు కళ్లప్పగించి చూసింది. దణ్ణం పెట్టాలనిపించింది.

ఈలోగా ఫారం రాయించుకోనిదే డాక్టరు చూడరట అన్న మాట హాలంతా పాకింది. మోకాళ్లవాళ్లు, షుగరువాళ్లు వరస కట్టారు. వెంకట్రావనే పెద్దాయన కౌంటర్ మీది ఫారాల కట్ట తెచ్చి అందరికీ పంచేశాడు. "వెనకవాళ్లకి వినబడట్లేదమ్మా, లేచి చదువు!" అన్నాడు. సింధు లేచింది. ఇరవైమందికి వినబడేలా చదివింది. మధ్యలో దూరబోయిన ఒకాయన్ని వెనక్కి పంపింది కూడా.

ఆ సందడికి తన్మయి బయటకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతా అయ్యాక ఫారాలు తిరగేసి, "ఇందులో మీదేది?" అంది.

"నాది లేదండీ. నా కాగితం మణెమ్మగారికి రాసేశాను."

"ఇంకోటి అడగొచ్చుగా?"

"అడగాలంటే భయమేసిందండీ."

తన్మయి ఫారాలు పక్కన పెట్టింది. "ఇంతమంది కోసం గొంతెత్తారు. మీ ఒక్కరి కోసం ఎత్తలేరా? వెళ్లి ఒక ఫారం అడిగి తెచ్చుకోండి. అది అడిగితే, మీరు మెసేజ్‌లో రాసిన సోమవారం ఇంటర్వ్యూకీ వెళ్లగలరు."

తాను చేసిందేమిటో సింధుకు అప్పుడు తెలిసొచ్చింది. తనంటే తనకే అబ్బురమనిపించింది. టీ తాగొచ్చిన కౌంటర్ అమ్మాయి దగ్గరకు నడిచి గొంతు సవరించుకుంది.

"ఇంకో ఫారం ఇవ్వండి," అంది గట్టిగా. "మణెమ్మగారికి."

మణెమ్మ మందులు తీసుకుని ఆటో ఎక్కి అప్పటికే పావుగంటయింది. తన్మయి నవ్వాపుకుని, "పోనీ, సోమవారం కూడా మణెమ్మగారి కోసమే వెళ్లిరండి," అంది.

సింధు అలాగే వెళ్లింది. ఉద్యోగం మాత్రం వాళ్లు సింధుకే ఇచ్చారు.