కలవని కోలం

నళిని అనుకున్నది చాలా చిన్న పని. అత్తగారు తొమ్మిదింటికి గానీ నిద్ర లేవరు. ఈలోగా వంటింట్లో స్టవ్ ముందు కోలం ముగ్గు ఒకటి వేసేసి, పొంగలికి పాలు సిద్ధం చేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడాలి. అంతే.

1982 జనవరి. దేశంకాని దేశం, షామ్‌బర్గ్‌లో బయట మోకాలి లోతు మంచు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు కార్పెట్. ముగ్గు నిలిచే చోటల్లా వంటింటి లినోలియం నేలా, అక్కణ్ణుంచి గుమ్మం దాకా ఉన్న సన్నటి నడవా మాత్రమే.

అత్తగారు రాజేశ్వరమ్మ మద్రాసు నుంచి వచ్చి నెలన్నరైంది. వాళ్ళు మూడు తరాలుగా మాంబళంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మాట తెలుగే గానీ పండగ పొంగల్, ముగ్గు కోలం. ఈ నెలన్నరలో నళిని పెట్టిన సాంబారుకీ, సర్దిన గదికీ, కొత్తగా నేర్చుకున్న డ్రైవింగుకీ ఆవిడ ఇచ్చిన బిరుదు ఒక్కటే: "పరవాలేదు." తెనాలి పిల్లకు ఆ మాటతో ప్రాణం చచ్చిపోతోంది. ఒక్కసారైనా ఆవిడ నోట "బాగుంది" అనిపించుకోవాలి. అందుకే మద్రాసులో ఉన్న ఆడపడుచు ఉషకు రహస్యంగా ఉత్తరం రాసి, చుక్కల చుట్టూ ఒకే గీత మెలికలు తిరిగే కోలం గీయించి తెప్పించుకుంది.

ఆ ఎయిర్ లెటర్‌ను భర్త శ్యామ్‌సుందర్ ఆత్రంగా చించాడు. జిగురుతో పాటు బొమ్మలో ఒక మూల కూడా ఊడిపోయింది.

"అంత చిన్న ముక్కేగా, మేనేజ్ చేసేస్తావులే," అన్నాడు.

మేనేజ్ చేసింది. తీరా చూస్తే గీత బయలుదేరిన చోటికి రాకుండా పక్క చుక్క దగ్గర తేలింది. గీత కలవకుండా వదిలేస్తే ఇంటికి మంచిది కాదని అత్తగారు వచ్చిన రోజే చెప్పారు. ఇంకో వరస చుక్కలు పెడితే కలుస్తుందేమోనని పెట్టింది. కలవలేదు. మరో వరస పెట్టింది. శ్యామ్‌సుందర్ టై కట్టుకుంటూ వచ్చేసరికి కోలం నడవా అంతా నిండి గుమ్మం దాకా వచ్చింది.

"తుడిచేసి మళ్ళీ వెయ్యి."

"పండగపూట వేసిన ముగ్గు తుడుస్తారా ఎవరైనా?"

"మరి నేను ఆఫీస్‌కి ఎలా వెళ్ళాలి? ఎగిరా?"

"కాస్త ఆగండి. ఇంకో రెండు వరసలు. క్లోజ్ అయిపోతుంది."

ఎనిమిదింటికి నళిని తలుపు తీసి కారిడార్‌లో చుక్కలు పెడుతోంది. ఎదురింటి ముసలావిడ మిసెస్ కొవాల్‌స్కీ పేపర్ కోసం బయటికొచ్చి, తన గుమ్మం ముందు తెల్లపొడి చూసి నిలబడిపోయింది.

"వాట్ ఈజ్ దిస్, హనీ?"

మన ఆచారమంతా ఇంగ్లీషులో విప్పి చెప్పే తీరిక నళినికి లేదు. బియ్యప్పిండి చీమలకు ఆహారం, పెడితే పుణ్యం. దాన్నంతా కుదించి, "ఫర్ యాంట్స్," అని మళ్ళీ వంగింది.

బిల్డింగ్‌కు చీమలు పట్టాయనీ, పాపం ఈ పిల్ల మందు చల్లుతోందనీ ముసలావిడకు అర్థమైంది. లోపలికి పరిగెత్తి మేనేజర్‌కు ఫోన్ చేసింది. అతను పది నిమిషాల్లో స్ప్రే డబ్బాతో ఊడిపడి, కోలానికి గురిపెట్టాడు.

"నో! దిస్ ఈజ్ ఫుడ్!" అంటూ నళిని రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఫర్ హూ?" అన్నాడతను.

"ఫర్ యాంట్స్!"

మేనేజర్ డబ్బా దించేశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో చీమలకు భోజనం వడ్డించే అద్దెవాళ్ళు అతనికి తగల్లేదు.

ఈ గోలకు రాజేశ్వరమ్మ లేచారు. శాలువా కప్పుకుని, స్టవ్ దగ్గర మొదలైన గీత వెంట గోడవారగా నడుచుకుంటూ, నడవా దాటి, గుమ్మం దాటి, కొవాల్‌స్కీ గారి డోర్‌మ్యాట్ దాకా వచ్చారు. అత్తగారిని చూడగానే నళినికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తయ్యా, ఎంత చేసినా కలవడం లేదు."

"ఇదంతా నువ్వే వేశావా? ఒక్కదానివే?"

నళిని తల ఊపింది.

"బాగుందే!" అన్నారు రాజేశ్వరమ్మ.

నెలన్నరగా ఎదురుచూసిన మాట వచ్చేసరికి నళిని దాన్ని నమ్మలేకపోయింది. "ఎక్కడ తప్పానో చెప్పండి అత్తయ్యా. మీరైతే చిటికెలో కలిపేస్తారు."

రాజేశ్వరమ్మ అటూ ఇటూ చూశారు. మేనేజర్‌కూ ముసలావిడకూ తెలుగు రాదు గదా అని ధైర్యం చేశారు.

"నాకేం తెలుసమ్మా! మా ఇంట్లో నలభై ఏళ్ళుగా పనిమనిషే వేస్తోంది. నేను గుమ్మంలో నిలబడి పరవాలేదు అంటుంటాను."

"అమ్మా! మరి నువ్వే వేస్తావని చెప్పేదానివి!" ఆవిడ వెనకే వచ్చిన శ్యామ్‌సుందర్ నోరు తెరిచాడు.

"చూడ్డానికి నువ్వు ఏనాడైనా తెల్లారకముందు లేచావుట్రా?"

నళినికి నవ్వాగలేదు. పెళ్ళయ్యాక అత్తగారి ముందు అంత హాయిగా నవ్వడం అదే మొదలు. రాజేశ్వరమ్మ కొంగు దోపుకుని పిండి గిన్నె అందుకున్నారు. "ఇటియ్యి, నేనూ ఒక వరస వేసి చూస్తాను."

సాయంత్రానికల్లా ఊడ్చేయాలని మాట తీసుకుని మేనేజర్ వెళ్ళిపోయాడు. సంగతి ఏమిటో తెలియకపోయినా మిసెస్ కొవాల్‌స్కీ తన పిండి డబ్బా కూడా తెచ్చిచ్చింది. తొమ్మిదిన్నరకు అత్తాకోడళ్ళు ఒకరి తప్పులు ఒకరు పడుతూ, పక్కపక్కన చుక్కలు పెట్టుకుంటూ పై అంతస్తు మెట్లెక్కుతున్నారు.

శ్యామ్‌సుందర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి, దారి మూసుకుపోయింది, రాలేనని చెప్పాడు. షామ్‌బర్గ్‌లో జనవరిలో ఆ మాట అంటే కారణం ఎవరూ అడగరు.