గెడ్డవలస ఎవరిది

"తోటవీడు సంస్థానం చెక్కు చెదరలేదు. రాజావారు విశ్రాంతి మాత్రమే తీసుకుంటున్నారు. వదంతులు నమ్మవద్దు" అని జట్కాబండికి మైకు కట్టి ఊరూరా చాటించిన రోజునే కోట తూర్పు గోడ కూలింది. గోడ కింద ఎవరూ పడలేదు. ఆ పక్కకి ఎవరైనా వెళ్లి చాలా కాలమైంది.

నిజానికి సంస్థానం ఎప్పుడో పోయింది. శిస్తు సర్కారుకే కడుతున్నారు. వోట్లు మాత్రం అలవాటు కొద్దీ దివాణానికే పోయేవి. అరవై ఏడు ఎన్నికల్లో అవీ దారి తప్పాయి. రాజావారు ఓడిపోయి, మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకున్నారు. సామ్రాజ్యాన్ని కాపాడే భారం ఇద్దరు మహావీరుల మీద పడింది. ఒకరు దివానుగారి అబ్బాయి, రైసుమిల్లు గణపతిరావు. రెండోవారు రాజావారి బావమరిది, బస్సుల జగన్నాధం. ఇద్దరికీ పంచాయతీ సమితి ప్రెసిడెంటు కుర్చీ కావాలి. ఇద్దరూ ప్రజాసేవకులే కాబట్టి యుద్ధం తప్పలేదు.

ఆ యుద్ధానికో పద్ధతుంది. రాజుల కాలం నుంచీ దసరాకి దివాణం ఏనుగు ఊళ్లు తిరుగుతుంది. ఏ ఊరు దానికి కడుపునిండా మేత పెడితే ఆ ఊరు, సర్పంచి వోటుతో సహా, ఏనుగుని తోలుకొచ్చినవాడిది. సర్కారు మారినా, బ్యాలెట్ పెట్టెలొచ్చినా ఆ ప్రాంతంలో దీన్ని కాదన్నవాడు లేడు. మేపాక మాట తప్పితే ఊరికి అరిష్టమని సర్పంచులందరికీ భయం.

ఏనుగు పేరు అమ్మడు. ముసలిది. మావటి అబ్రహాం ఎవరు ఎటు తోలమంటే అటు తోలతాడు.

గెడ్డ అనే వాగుకి ఇటుపక్క ఊళ్లన్నీ గణపతిరావువి, అటుపక్కవి జగన్నాధంవి. మధ్యలో మిగిలింది గెడ్డవలస. దాని సర్పంచి చినబాబు. ఉన్న ఆస్తల్లా గెడ్డ ఒడ్డున చెరుకు మడి. ఈసారి బెల్లం వండితే ఇంటి మీద తాటాకు తీసి పెంకు వేయాలని భార్య జగ్గమ్మకి మాటిచ్చాడు. తన ఊరికింత విలువుందని చినబాబుకి అంతకుముందు తెలియదు. తెలిశాక నడక మారింది.

ముందు గణపతిరావు వచ్చాడు. డప్పులు, జీపు, వెనక అమ్మడు.

"చినబాబూ, నేటినుంచి నువ్వు మా సరిహద్దు సేనాధిపతివి" అని మెడలో పసుప్పచ్చ కండువా వేశాడు.

సేనాధిపతి ఉప్పొంగిపోయి చెరుకు మడి చూపించాడు. అమ్మడు మర్యాదగా ఓ మూల మేసింది.

"ఒరే, ఎవులి సెరుకురా అది?" అంది ఇంటినుంచి పరిగెత్తుకొచ్చిన జగ్గమ్మ. కోపమొస్తే మొగుణ్ణయినా ఒరే అంటుంది.

"మనదే. సంస్థానం కోసమే."

"సంస్థానం పెంకేత్తాదేటి ఇంటికి?"

"ఇది రాజకీయం. నీకు తెల్దు."

"నీకు తెలిసినాదేటి?"

సేనాధిపతి కండువా సర్దుకున్నాడు.

మర్నాడు జగన్నాధం ప్రతిదాడి చేశాడు. దారి పొడుగునా బెల్లం అచ్చులు పెట్టించి అమ్మడిని గెడ్డ దాటించాడు. ఊరిని విముక్తి చేశామని మైకులో ప్రకటించి చినబాబు మెడలో ఎర్ర కండువా వేశాడు. అమ్మడు ఇంకో మూల మేసింది.

"నిన్న ఆళ్లకి, నేడు ఈళ్లకి. ఏటిది బావా?" అన్నాడు పొరుగు కొండబాబు.

"మనూరు మీద అందరికీ పేమ" అన్నాడు చినబాబు. అప్పటికతనికి రెండు కండువాలు, రెండు ముఖాలు ఉన్నాయి. జీపు హారన్ని బట్టి ఏది తగిలించాలో అలవాటైంది.

దసరా దాటింది. యుద్ధం ఆగలేదు. ఊరు విముక్తి పొందిన ప్రతిసారీ చెరుకు పలచబడింది. ఆఖరికి అమ్మడు డప్పులు, జీపులు లేకుండానే, ఎవరూ తోలకుండానే వచ్చి మడి ముందు నిలబడటం మొదలెట్టింది. ఇంత నిజాయితీగల పార్టీ కార్యకర్త ఆ జిల్లాలో ఇంకొకరు లేరు.

"ఈ సివరి మడిసెక్క బెల్లానికి. ఒట్టు" అన్నాడు చినబాబు.

"ఒట్టు ఏనుక్కి సెప్పు" అంది జగ్గమ్మ.

ఆ చివరి చెక్కలోనే ఒక పొద్దున అమ్మడు పడుకుంది. నోట్లో చెరుకుగడ నోట్లోనే ఉంది. మళ్లీ లేవలేదు.

రెండు వైపులకీ కబురు వెళ్లింది. ఇద్దరు వీరులూ వచ్చారు. వెనకాలే సైకిలు మీద శానిటరీ ఇన్స్పెక్టరు వచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, "పొద్దుగుంకేలోగా పూడ్చాలి. ఈ ఊరు ఎవరి తాలూకో చెప్పండి, వారిదే బాధ్యత" అన్నాడు.

గణపతిరావు చేతులు జోడించాడు. "జగన్నాధంగారూ, నిజం ఒప్పుకోవాలి. గెడ్డవలస మొదట్నుంచీ మీదే. ప్రజల తీర్పుకి తల వంచుతున్నాను."

"ఎంతమాట! చివర మేపింది మీరు. ఊరూ మీదే, ఏనుగూ మీదే."

"చివర నేను తోలలేదండీ. దానంతటదే వచ్చింది."

"అయితే స్వతంత్రంగా వచ్చినట్టు."

"అవును, స్వతంత్ర ప్రాంతం!"

ఇద్దరి ముఖాలూ వెలిగాయి. గెడ్డవలస తమ ఇద్దరిదీ కాదని అక్కడికక్కడే ఒప్పందమైంది. కొబ్బరినీళ్లు తాగారు. చేతులు కలిపి ఫొటో దిగారు. ఏనుగు పడకుండా ఫొటోగ్రాఫరు కొంచెం పక్కకి జరిగాడు. ఆ శాంతి గురించి పేపర్లో రాశారు కూడా. చూసినవాళ్లు బాగుందన్నారు.

జీపులు వెళ్లిపోయాక ఊరు ఊరంతా గునపాలు తెచ్చింది.

"సేనాధిపతిని కదా, ముందు నానే దిగాల" అని చినబాబు గోతిలోకి దిగాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి తనే నవ్వాడు. జగ్గమ్మ అతని మొహంకేసి చూసి, మట్టి తట్ట ఎత్తుకుంది. అబ్రహాం గోతి అంచున మోకరించి ప్రార్థన చేశాడు. జగ్గమ్మ పసుపు నీళ్లు చల్లింది. చినబాబు రెండు కండువాలూ ముడేసి అమ్మడి కళ్ల మీద కప్పాడు.

ఆ ఏడు బెల్లం లేదు. పెంకూ లేదు. వానాకాలమంతా తాటాకు కారింది. సమితి ఎన్నికలు వాయిదా పడ్డాయి.

మరుసటేడు మడిలో ఆ గోతిమీద నాటిన చెరుకు రెండు నిలువులెత్తు దాటి, నల్లగా, చెయ్యంత లావున లేచింది. అంత చెరుకు ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ఎన్నికల తేదీ వచ్చింది. ఒక పొద్దున గెడ్డకి రెండు పక్కలా మైకులు మోగాయి. "చారిత్రకంగా మనదైన గెడ్డవలసకి..." అని రెండూ ఒకే మాట. ఒక్కో జీపు వెనక ఒక్కో ఏనుగు, సర్కస్ కంపెనీల నుంచి అద్దెకి తెచ్చినవి.

చినబాబు పలుగు, పార తెచ్చి మడి గట్టుమీద పెట్టాడు. ముందొచ్చిన గణపతిరావు జీపు ఆగింది.

"ఏం సేనాధిపతీ, పలుగెందుకు?"

"ఏటీ లేదు బాబూ. మేతకి మా అభ్యంతరం లేదు. గొయ్యి ఈపాలి ఎవులు తవ్వుతారో ముందుగా సెప్పేత్తే, తాడట్టుకుని ఏనుగుని కొలుసుకుంటాను."

గణపతిరావు చెరుకు వైపు చూశాడు. ఏనుగు వైపు చూశాడు. ఏనుగు దగ్గింది. మైకు ఆపడం మర్చిపోయినట్టున్నారు, తర్వాతి మాటలు ఊరంతటికీ వినిపించాయి.

"ఒరే డ్రైవరూ, ఇది మన ఊరేనా?"

"ఇందాకటి దాకా మనదేనండి."