గొడుగు మొక్క మీద కుట్ర

మనిషన్నాక ఇంట్లో ఒక్క జాగా అయినా తనదంటూ ఉండాలి. మన లిఫ్టాయనకు ఆ జాగా ముందుగది కిటికీ పక్కన, పేముకుర్చీలో. పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. రోజుకు రెండొందలసార్లు పైకెళ్తాడు గానీ ఆకాశం మాత్రం కనిపించదు. పొద్దస్తమానం నిలబడి ఇనుప తలుపులకేసి చూసీ చూసీ ఇంటికొచ్చాక, కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళను ఓ గంట చూడకపోతే ఆయనకు తిన్నది అరగదు.

అలాంటి జాగాలోకి ఒక సాయంత్రం గొడుగు మొక్క వచ్చి కూర్చుంది.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. బదిలీ మీద వెళ్ళిపోతూ తోటి టీచరొకావిడ దాన్ని ఈవిడ చేతిలో పెట్టిందట. నడుమెత్తు మొక్క. ఒక్కో కాడ చివర ఏడెనిమిది ఆకులు గొడుగు విప్పినట్టు విచ్చుకుని ఉన్నాయి. దానికి వెలుతురు కావాలన్నారని కిటికీ దానికిచ్చేసి, పేముకుర్చీని చెప్పుల అలమర పక్కకు జరిపిందావిడ.

మరి నేనెక్కడ కూర్చోవాలి అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అడగలేదు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా భార్యను సూటిగా ఏదీ అడగలేకపోవడం ఆయనకున్న పాత జబ్బు. కూరలో ఉప్పు తక్కువైతే, ఈమధ్య బజారులో ఉప్పు దొరకడం లేదా అని ఆరా తీసే రకం.

చెప్పుల వాసన పీలుస్తూ మూడు రోజులు కూర్చున్నాక, నాలుగో రోజు బుర్ర పనిచేసింది. మొక్కను తియ్యమని ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. దాని ఖర్మ కాలి అదే ఎండిపోతే, కుర్చీ దానంతటదే కిటికీ దగ్గరకు వస్తుంది.

డ్యూటీ దిగి తిన్నగా నర్సరీకి వెళ్ళాడు. అక్కడి పెద్దాయన కుండీల్లో మట్టి నింపుతున్నాడు. మా ఇంట్లో గొడుగు మొక్క ఉందండీ, దానికి ఏమేం పడవో చెబితే జాగ్రత్తపడతాను అని వినయంగా అడిగాడు లిఫ్టాయన. పెద్దాయన ఈయన్ని ఎగాదిగా చూసి నాలుగు ముక్కలు చెప్పాడు. మట్టి రెండు వేళ్ళ లోతు ఎండేదాకా నీళ్ళు పొయ్యకపోతే దాని పని సరి. వారానికోసారి కుండీని పావు చుట్టు తిప్పితే దిక్కు తెలియక నీరసిస్తుంది. తడిగుడ్డతో ఆకులు తుడిస్తే ఊపిరాడదు. ఇక తల తుంచారో, అంతే సంగతులు. లిఫ్టాయన అన్నీ చీటీ మీద రాసుకున్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఇవన్నీ పొరపాటున జరిగిపోతే మొక్క ఎన్నాళ్ళకు పోతుందండీ అని కూడా అడిగాడు.

నెలన్నర పట్టొచ్చు, తొందరపడకండి అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే, ఇవాళ్టి నుంచి మొక్క బాధ్యత నాదని ప్రకటించాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఇంట్లో బకెట్టు ఎక్కడుంటుందో పద్నాలుగేళ్ళుగా తెలియని మనిషి మరి.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది భార్య.

"బడి పనితోనే నీకు సరిపోతోంది. ఆమాత్రం నేను చూసుకోలేనా?"

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. జవాబు సరిగ్గానే వచ్చినా లెక్క చేసిన తీరు మీద అనుమానమొస్తే పిల్లలను కూడా అలాగే చూస్తుంది. చూసి, సరే కానివ్వండి అంది.

అప్పటిదాకా ఆవిడ పొద్దునా సాయంత్రం చెంబెడేసి నీళ్ళు ప్రేమగా పోస్తుండేది. అడుగున నాలుగైదు ఆకులు పసుపు తిరిగాయి కూడా. సగం పని భార్యే చేసిపెట్టిందని లిఫ్టాయన లోలోపల మురిసిపోయాడు.

ఇక మొదలెట్టాడు. రోజూ మట్టిలో రెండు వేళ్ళు గుచ్చి చూడటం, తడి తగిలితే నీళ్ళు పొయ్యకుండా కసిగా వెళ్ళిపోవడం. వారానికోసారి కుండీని తిప్పడం. సెలవురోజు తడిగుడ్డ పుచ్చుకుని ఒక్కో ఆకూ అటూ ఇటూ తుడవడం. వంద ఆకులు తుడిచేసరికి నడుం పట్టేసింది. పాపం చెయ్యడానికి కూడా ఇంత ఒళ్ళు వంచాలా అని విసుక్కున్నాడు.

పదిహేను రోజులకు పసుపు ఆగిపోయింది. నెలకు చిగుళ్ళొచ్చాయి. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువంటారు కదా అని లిఫ్టాయన మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఐదోవారానికి ఆ దీపం కిటికీ సగం కమ్మేసి నిగనిగలాడుతోంది. ఇక లాభం లేదని, భార్య బడికెళ్ళిన సమయం చూసి, కళ్ళు మూసుకుని కత్తెరతో తల తుంచేశాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మూడు వారాలు తిరిగేసరికి ఒక్క తల ఉన్నచోట మూడు తలలు లేచాయి.

లిఫ్టాయన నర్సరీకి పరుగెత్తాడు. మీరు చెప్పినవన్నీ తప్పకుండా చేశానండీ, అయినా అది పోలేదు అనేసి నాలిక కరుచుకున్నాడు.

పెద్దాయన చేతిలోని కుండీ కింద పెట్టాడు. "పెంచేవాడు ఏం చెయ్యాలని అడుగుతాడు బాబూ. మీరు ఏం చెయ్యకూడదని అడిగి, ఎన్నాళ్ళకు పోతుందన్నారు. నలభై ఏళ్ళుగా మొక్కల్ని బతికించి అమ్ముకుంటున్నవాణ్ణి. మీచేత దాన్ని చంపిస్తానా? మీరు చేసినవన్నీ దానికి కావలసిన సేవలే."

అంతటితో ఊరుకోలేదు. రెండోవారంలోనే టీచరమ్మ వచ్చి, మా ఆయన చూసుకుంటున్న గొడుగు మొక్క ఆకులు ఎందుకు పసుపవుతున్నాయని అడిగిందట. మీ చెయ్యి మరీ ధారాళమమ్మా, మీ ఆయన్ని నేను పనిలో పెట్టాను, మీరు అడ్డుపడకండి అని పంపించాడట.

లిఫ్టాయన తల వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలెత్తకుండానే, నర్సరీ నుంచేనా అంది. ఆయన చెప్పుల అలమర పక్కన కూర్చోబోయి, కూర్చోలేక నిలబడ్డాడు.

"ఆ కిటికీ నాకు కావాలే" అన్నాడు. "రోజంతా ఇనుప డబ్బాలో ఉంటాను. ఇంటికొస్తే బయటికి చూడాలనిపిస్తుంది. అది కూడా లేకుండా పోయిందని ఏడుపొచ్చింది."

ఆవిడ కలం మూత పెట్టింది. గొంతులో వెటకారం పోయింది.

"ఆ మాట మొదటిరోజే అంటే నేను కాదంటానా? ఎప్పుడు నోరు విప్పుతారా అని రెండు నెలలు చూశాను. ఇంటికి పెద్దవాళ్ళయ్యుండి, కట్టుకున్నదాన్ని అడగడానికి నర్సరీ దాకా పోతారా?"

ఆవిడే లేచి కుండీ అంచు పట్టుకుంది. పడగ్గది కిటికీకి దీన్ని మార్చేద్దాం, మీ కుర్చీ మీరు వేసుకోండి, రెండో పక్క పట్టండి అంది.

లిఫ్టాయన సంతోషంగా వంగాడు. వంగినవాడు మొక్క కొసన ఇంకా విచ్చుకోని లేతాకులు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడొద్దులే. జాగా మారిస్తే బెంగపడి ఆకులు రాలుస్తుందట. ఇవి కాస్త ముదరనీ."

"ఇవి ముదిరేలోగా ఇంకో చిగురు వేస్తుంది కదండీ."

"అదీ ముదరనీ" అన్నాడు లిఫ్టాయన.