పన్నెండింటికి పోయే లైను

చెబితే నమ్మరు గానీ, పిలార్ రేవులో మధ్యాహ్నం పన్నెండు దాటితే కుక్క కూడా మొరగదు. ఊరంతా భోంచేసి కునుకు తీస్తుంది. మెలకువగా ఉండేది లిబ్రాదా ఒక్కతే. పడవ సరుకులకు కాగితాలు రాసిపెట్టే ఆఫీసు ఆవిడది. అందులోకి ఇంటర్నెట్టు వచ్చినప్పట్నుంచీ నది అవతలి వ్యాపారుల ఉత్తరాలు చూసుకుంటూ, భోజనానికి ఇంటికి రావడమే మానేసింది.

ఆవిడ మొగుడు ఎలుతేరియోకి ముద్ద దిగడం లేదు. ముప్పై ఏళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చుని తిన్న మనిషి మరి. "రావే" అని అడగొచ్చుగా? అబ్బే! ఆఫీసులోనే ఓ మూల బల్ల వేసుకుని రేడియోలు బాగుచేసే మేధావి. పథకం వేశాడు.

అక్కడ కంప్యూటర్లు మూడు, ఇంటర్నెట్టు ఒక్కదానికే. దానికోసం లిబ్రాదా, టైపిస్టు ఎవులోహియా రోజూ కొట్టుకునేవారు.

"అన్నిటికీ వచ్చేలా నేను చేస్తాగా," అన్నాడు. "ఫోను తీగ నా కంప్యూటర్‌కి, అందులోంచి మీ ఇద్దరికీ. ఆకులు నానేసిన చల్లటి తెరెరె ఎలా తాగుతాం? పోసేవాడొకడు, గొట్టమొకటి, తాగేది అందరూ."

"పోసేవాడు లేచిపోతే?" అంది లిబ్రాదా.

"వాడెక్కడికి పోతాడే!" అంటూ తీగలు లాగసాగాడు.

మర్నాడు పన్నెండు కొట్టగానే తన కంప్యూటర్ ఆపేశాడు. "అయ్యయ్యో, లైను పోయింది! ఎలాగూ ఖాళీయేగా, పద, తినొద్దాం."

లిబ్రాదా వచ్చింది. ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు. ఎలుతేరియోకి ఆ పూట పండగే.

రోజూ పన్నెండింటికే పోతుంటే అనుమానం రాదూ? ఎవులోహియా దెయ్యమంటూ తీగల డబ్బా మీద తీర్థం చల్లబోయింది.

"దెయ్యం కాదమ్మా, ఎలుక! తీగ కొరుకుతోంది," అన్నాడు కంగారుగా.

"గడియారం చూసుకుని కొరుకుతుందా?" అంది లిబ్రాదా.

"భోజనాల వేళ కదే."

మాట నిలబెట్టుకోవాలిగా, బోను తెచ్చి పెట్టాడు. అందులో తన వేలే పడింది.

పదోరోజు ఆ కట్టు వేలితోనే చేపలకు వెళ్ళి, కబుర్లలో పడి ఆలస్యం చేశాడు. కొంప మునిగింది, ఇవాళ లైను ఆపలేదు! రొప్పుతూ వచ్చేసరికి లిబ్రాదా సంచీ తగిలించుకుని వీధిలో నిలబడి ఉంది.

"లైను పోయిందయ్యా. పద."

తను ఆపకుండానే ఎలా పోయిందని ఎలుతేరియో ఆఫీసు వైపు చూశాడు. పైన కిటికీలోంచి ఎవులోహియా కేకేసింది: "అమ్మా, ఇప్పుడే అవతలి ఒడ్డునుంచి ఉత్తరం వచ్చింది!"

"తర్వాత చూస్తాలే," అని లిబ్రాదా మొగుడి వైపు తిరిగింది. "నువ్వు ఎలుకన్న రోజే ఫోను తీగ నా కంప్యూటర్‌కి మార్చుకున్నా. నువ్వు ఆపితే పోయేది నీ ఒక్కడికే."

"మరి రోజూ వచ్చావుగా?"

"రావాలనిపించి వచ్చాను. తిందాం రమ్మని ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"పనిలో ఉన్నావు, పిలిస్తే రానంటావేమోనని భయమేసింది," అన్నాడు తల దించుకుని.

లిబ్రాదా కళ్ళు చెమర్చాయి. చేపల మూట తను అందుకుంది. "ఏదీ, ఇప్పుడు పిలువు."

"నడివీధిలోనా?"

"ఆఁ, నడివీధిలోనే."

ఎలుతేరియో గొంతు సవరించుకున్నాడు. "లిబ్రాదా, భోజనానికి రావే! నువ్వు లేకపోతే నాకు తినబుద్ధి కాదు!"

ఆ వీధిలో కిటికీలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

"వస్తున్నా," అంది లిబ్రాదా, అందరికీ వినబడేలా.