మూడు శాఖలు, ఒక గల్లీ

ఆ శనివారం జనార్ధన్ పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, స్కూటర్ తుడిచి, దేవుడికి దండం పెట్టుకున్నాడు. మామూలు శనివారాల్లో ఈ మూడింటిలో ఏదో ఒకటే జరుగుతుంది. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఎల్లమ్మకుంట పంచాయతీకి ఆయన కార్యదర్శి. నీళ్ల శాఖ, టెలిఫోన్ శాఖ, కరెంటు శాఖ కలిసి ఒకే గల్లీని ఒకే రోజు తవ్వి, ఒకే రోజు పూడ్చాలి. ఆయన ఇరవయ్యేళ్ల నౌకరీలో అలాంటి వింత చూడలేదు. ఇవాళ తానే చేసి చూపిద్దామనుకున్నాడు.

తొందరకు కారణం ఉంది. సోమవారం ఆ గల్లీలో సిమెంటు రోడ్డు పోస్తారు. ఒకసారి సిమెంటు పడిందంటే అయిదేళ్లదాకా గడ్డపార దించనివ్వరు. గల్లీ చివరింట్లో సిద్దమ్మ ఉంటుంది. అరవై దాటిన మనిషి. రోజూ బస్టాపు దగ్గరి బోరింగు నుంచి నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె మోసి మోసి మోకాళ్లు అరగదీసుకుంది. నల్లా కోసం దరఖాస్తు మీద వేలిముద్ర వేసి ఆరేళ్లయింది. వేసిన నాటి నుంచి ప్రతి సోమవారం పంచాయతీ ఆఫీసు మెట్టు మీద కూర్చుని, "నా నల్లా ఏమాయె సారూ?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోతుంది. తిట్టినా బాగుండును. ఆ ఒక్క మాటకే జనార్ధన్‌కు సోమవారాలంటే భయం పట్టుకుంది.

గురువారం మూడు శాఖల మేస్త్రీలనూ కూర్చోబెట్టాడు. ఎవరు ముందు తవ్వాలన్న దాని మీద రెండు గంటలు కొట్లాడుకున్నారు. ఎవరికి వారే యమునా తీరే. చివరికి జనార్ధన్ విసిగిపోయి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తలా ఒకటి చేతిలో పెట్టాడు: "గీత నీళ్లవారిది. చుక్క టెలిఫోన్ వారిది. గుండ్రం కరెంటు వారిది. ఎవరి గుర్తు మీద వారే తవ్వవలెను. ఒక శాఖ గుర్తును మరొక శాఖ ప్రశ్నించరాదు." శుక్రవారం సాయంత్రం గుర్తులు పెట్టారు. పంచాయతీలో సున్నం లేకపోవడంతో కిరాణా కొట్టు నుంచి ముగ్గుపిండి తెప్పించారు. గల్లీ మొదలు నుంచి సిద్దమ్మ ఇంటిదాకా ఒక తిన్నని గీత, గోడ పక్కన పది చుక్కలు, చివర ఒక చిన్న గుండ్రం. అంతే.

శనివారం పని మొదలయ్యే వేళకు జనార్ధన్ అక్కడ ఉండవలసింది. కానీ నీళ్ల శాఖ ఇంజనీరు సుస్మిత జీపును ఎవరో పెద్ద అధికారి తీసుకుపోయాడు. ఆమెను తీసుకురావడానికి ఈయన స్కూటర్ మీద కొంపల్లి పోయాడు. తిరిగి వస్తుంటే దారిలో టైరు పంచరైంది.

ఇక్కడ సిద్దమ్మ అయిదింటికే లేచి తలుపు తీసింది. గల్లీలో తెల్లటి గీత కనబడింది. చాలాసేపు దాన్ని జాలిగా చూసి కోడలిని పిలిచింది.

"వినోదా, గిది సూసినవా? ఆఫీసరోల్లు ముగ్గెయ్యబోయిండ్రే!"

"ముగ్గు గాదేమో అత్తమ్మా. తవ్వెటందుకు గుర్తు పెట్టిండ్రేమో."

"తవ్వెటోల్లు గడ్డపార తెస్తరు గని పిండి తెస్తరా? మొగోల్లు, పాపం. పది సుక్కలు పెట్టిండ్రు, ఒక్క గీత గీసిండ్రు, చాతగాక ఇడ్సిపెట్టి పొయ్యిండ్రు. ఆరేండ్లకు మన గల్లీకి సర్కారు వస్తాంది. వాకిలి గిట్లుంటే మనకు ఇజ్జత్ ఉంటదా?"

సిద్దమ్మ కొంగు నడుముకు దోపింది. గల్లీ మొత్తం ఊడ్చింది, పేడనీళ్లు చల్లింది. శుక్రవారం నాటి గుర్తులు ఆ పేడనీళ్లలో కలిసిపోయాయి. తర్వాత ముగ్గు మొదలుపెట్టింది. గల్లీ మొదలు నుంచి తన గడపదాకా ఒక పెద్ద తీగ. ఆ తీగ నుంచి పద్దెనిమిది ఇళ్ల గడపలకూ ఒక్కో కొమ్మ. రెండు వైపులా గోడల వెంట వరుసగా చుక్కలు. తన వాకిట్లో తట్టంత గుండ్రని పువ్వు. వంగి వంగి వేస్తుంటే ఆ పూట మోకాళ్లు ఆమెకు గుర్తే రాలేదు.

ఎనిమిదింటికి మూడు శాఖల మనుషులూ దిగారు. నీళ్ల మేస్త్రీ యాదగిరి గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు.

"గిదేందే పరమేశూ? నిన్న సక్కగ ఒక్కటే గీత ఉండె గద!"

టెలిఫోన్ మేస్త్రీ పరమేశ్ జేబులోంచి కాగితం తీశాడు. "నీ గీత సంగతి నన్నడగొద్దు. సారు రాసిచ్చిండు."

"నీ సుక్కలు గూడ మస్తు పెరిగినయి గదనే."

"మాకు కనెక్షన్లు పెరిగినయేమో. నువ్వు గూడ అడగొద్దు. రాసున్నది."

కరెంటు మేస్త్రీ మొగులయ్య పువ్వు ముందు నిలబడి తల గోక్కున్నాడు. "గింత పెద్ద గుండ్రమా? స్తంభం పాతాల్నా, బాయి తవ్వాల్నా?" ఆయనకు జవాబు చెప్పే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

కార్యదర్శి కోసం కాసేపు చూశారు. అయ్య వచ్చేదాకా అమావాస్య ఆగదు కదా, గడ్డపారలు లేచాయి. గడప మీద కూర్చున్న సిద్దమ్మ అది చూసి మురిసిపోయింది. ముగ్గును ఎవరూ అడ్డదిడ్డంగా తొక్కడం లేదు. ఏ వంపూ తప్పకుండా దాని మీదనే తవ్వుతున్నారు. సర్కారు మనుషులకు ఇంత భక్తి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అందరికీ చాయ్ కూడా పోయించింది.

పదకొండింటికి స్కూటర్ వచ్చింది. గల్లీలోకి పోవడానికి దానికి దారి లేదు. ఒక పెద్ద కాలువ, పద్దెనిమిది పిల్ల కాలువలు, నలభై గుంతలు, సిద్దమ్మ వాకిట్లో మనిషి లోతు గొయ్యి.

"ఎవరు తవ్వమన్నరయ్యా గిట్ల?" జనార్ధన్ కేకపెట్టాడు.

ముగ్గురు మేస్త్రీలూ మూడు కాగితాలు తీశారు. మూడింటి మీదా ఆయన సంతకమే ఉంది. ఆయన తన రాతను మూడుసార్లూ చదువుకున్నాడు.

సిద్దమ్మ గొయ్యి మీద వేసిన చెక్క దాటుకుంటూ వచ్చింది. "బాగొచ్చిందా సారూ? ముగ్గు నేనే ఏసిన."

సుస్మిత మెల్లగా చెప్పింది. "సార్, మా అంచనాల ఉన్నది ఒక్క తిన్నటి లైను. ఈ తవ్వకానికి నేను సంతకం పెట్టలేను. ఇదంత పూడ్చి, మళ్ల తవ్వి, పైపేసుడు సోమవారం లోపల అయ్యే పని కాదు. పని ఆపాల్సిందే."

మనుషులు పారలు సర్దుకోవడం మొదలుపెట్టారు. సిద్దమ్మకు మాటలు అర్థం కాలేదు గానీ పారలు అర్థమయ్యాయి. మట్టికుప్ప మీద కూలబడింది.

"అంటే నా నల్లా నా చేతులతోనే పోగొట్టుకున్ననా సారూ?"

జనార్ధన్‌కు ఆరేళ్ల సోమవారాలు ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "తప్పు నీది గాదు అవ్వా. ప్రశ్నించొద్దని రాసిన నాది" అన్నాడు. నిజంగానే అన్నాడు.

పని ఎందుకు ఆపిందో పై అధికారులకు రాయాలి కాబట్టి, గల్లీ బొమ్మ గీసుకుందామని సుస్మిత సిద్దమ్మ డాబా ఎక్కింది. రెండు నిమిషాల తర్వాత పైనుంచి కేక వినబడింది. "సార్, జల్దీ పైకి రండి!"

ఆయన ఆయాసపడుతూ ఎక్కాడు.

"ఇటు చూడండి. నడుమ పెద్ద లైను. దాన్నుంచి ప్రతి గడపకు ఒక కొమ్మ. ఒక్క ఇల్లు కూడ తప్పలేదు. నేను నెల రోజులు కూసున్నా ఇంత మంచిగ గీయకపోదును. ఇంటిదాక కాలువ తవ్వి ఉంటే ఇంటికో నల్లా ఇయ్యొచ్చని మా రూలున్నది. జనం తవ్వుకోరని ఆ రూలు ఎవ్వరు వాడరు. ఇక్కడ తవ్వే ఉన్నది గద!"

"తవ్వింది ఇంటోల్లు గాదు గదమ్మా, మీ మనుషులే గద?"

"ఎవరు తవ్విండ్రని రూలు అడగదు సార్."

జనార్ధన్ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. సుస్మిత ఆ రూలు కింద సంతకం పెట్టి పైపులు తెప్పించింది, యాదగిరి వాటిని పద్దెనిమిది ఇళ్లకూ పరిచాడు. నలభై గుంతల్లో పది టెలిఫోన్ స్తంభాలకు పోయాయి. మిగిలిన ముప్ఫయ్యింటినీ చూడగానే ఆయనకు ఆఫీసు వరండాలో ఎండిపోతున్న మొక్కలు గుర్తొచ్చాయి. గుంతలు పంచాయతీ తవ్వాలా, మొక్కలిచ్చిన శాఖ తవ్వాలా అని మూడు నెలలుగా ఉత్తరాలు నడుస్తున్నాయి. మొక్కల కంటే ఫైలే ఏపుగా పెరిగింది. వేపా కానుగా వెంటనే వచ్చి గుంతల్లో నిలబడ్డాయి. మొగులయ్య స్తంభాన్ని ఒక మూలగా పాతి, మిగిలిన గొయ్యిని రాళ్లతో నింపి ఇంకుడు గుంత చేశాడు. పూడ్చే వేళకు ఏ మట్టి ఏ శాఖదో ఎవరికీ తెలియలేదు. అందుకని అందరూ కలిసి అన్నీ పూడ్చారు.

ఆదివారం సాయంత్రం సిద్దమ్మ ఇంటి ముందు నల్లా రెండుసార్లు దగ్గి, బురద కక్కి, తర్వాత తేట నీళ్లు వదిలింది. ఆమె బిందె పెట్టలేదు. చేయి పెట్టి కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత చెంబు నింపి జనార్ధన్‌కు ఇచ్చింది. ఆయన తాగుతూ మొహం అటు తిప్పుకున్నాడు.

సోమవారం పొద్దున సిద్దమ్మ ఎప్పటిలా ఆఫీసు మెట్టు మీద కూర్చుంది. జనార్ధన్ లేచి గుమ్మందాకా వచ్చాడు.

"మళ్ల ఏమైందవ్వా?"

"ఏం గాలే సారూ. అలవాటైంది" అని కొంగులోంచి రెండు జామకాయలు తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్లింది.

ఇప్పుడు ఆ గల్లీలో సిమెంటు రోడ్డు ఉంది. సిద్దమ్మ దాని మీద కూడా రోజూ ముగ్గు వేస్తుంది. దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన ఆ మనిషి కోడలి దగ్గర పట్టుబట్టి ఒకే ఒక్క మాట రాయడం నేర్చుకుంది. ప్రతి ముగ్గు కిందా అది పెద్ద అక్షరాలతో రాస్తుంది: "తవ్వొద్దు."