తుపాకీకి బెల్టు, గేటుకి సుతిలి

శుక్రవారం ఉదయం టీ తాగుతూ హెక్టర్ డాల్‌గ్లీష్ తన ఎయిర్ గన్‌కి బెల్టు బిగించాలని నిర్ణయించుకున్నాడు. బెల్టు లేకపోబట్టే కుందేలు బతికిపోతోందని ఆయన నిశ్చితాభిప్రాయం. బొరియలన్నీ పక్కనే, అక్క ఐలా కొండవాలులో ఉన్నాయి. మధ్యలో తీగలూ కర్రలూ కలిపి కట్టిన గేటు. దాన్ని కావలించుకుని, భుజంతో నెట్టి, పైనున్న తీగచుట్టు కర్రకి తొడిగితే గాని మూతపడదు. తుపాకీ గడ్డిలో పెట్టి, ఆ కుస్తీ పూర్తిచేసి, తిరిగి చూసేసరికి కుందేలు ఉండదు.

అది నోలీన్ కాబేజీల దగ్గర ఉంటుంది. మర్నాడే ఊళ్లో వ్యవసాయ ప్రదర్శన. హెక్టర్ భార్య నోలీన్ ఏటా మూడు కాబేజీలు పెడుతుంది, ఏటా రెండో బహుమతి తెచ్చుకుంటుంది. మొదటిది ఏటా ఆడపడుచు ఐలాదే. ఈసారి కుందేలు తినగా సరిగ్గా మూడే మిగిలాయి. ఒక్కసారైనా వదినగారిని ఓడించాలని నోలీన్ వాటికి పసిపిల్లలకి చేసినట్టు చాకిరీ చేసింది.

"ఆ బెల్టేదో కొట్లో కొనుక్కోకూడదూ?" అంది.

"కొనడమా?" అన్నాడు హెక్టర్. పాత తీగముక్కతో కానిపని లేదని నమ్మే ఒటాగో ప్రాంతపు మగవాళ్లలో ఆయన ఒకడు.

షెడ్డులో పని దీక్షగా సాగింది. తుపాకీ వెనక చెక్కకి సన్నగా రంధ్రం చేసి, చివర రింగున్న స్క్రూకి సబ్బు రాసి, చెక్క చిట్లకుండా బిగించాడు. చచ్చిపోయిన కుక్క బ్రూస్‌ని ఒకప్పుడు కట్టేసిన తోలుపట్టీ బెల్టయింది. ముందువైపు దాన్ని తగిలించడానికి గట్టి తీగ కావాలి. షెడ్డంతా గాలించినా దొరకలేదు. చివరికి గేటు మీద దొరికింది. ఆ తీగచుట్టుని ఊడదీసి, గొట్టాన్నీ దాని కింది చెక్కనీ కలిపి చుట్టి, ప్లయరుతో మెలిపెట్టి, కొనలు కత్తిరించేశాడు. పట్టుకుని లాగి చూస్తే చెక్కుచెదరలేదు.

"మరి గేటు దేంతో కట్టావ్?" అంది నోలీన్.

"సుతిలి తాడుతో. తాత్కాలికంగానేలే."

"స్నానాలగది గడియ కూడా తాత్కాలికంగానే పెట్టావ్. పిల్లలకి పెళ్లిళ్లయిపోయాయి."

సాయంత్రం హెక్టర్ తుపాకీ భుజాన వేసుకుని, రెండు చేతులా గేటు తీసి, రెండు చేతులా కట్టి, కొండవాలు ఎక్కాడు. ఎదురుగా కుందేలు తీరిగ్గా కూర్చునుంది. గుండు పెట్టడానికి ఎప్పట్లాగే గొట్టాన్ని కీలు దగ్గర కిందికి విరవబోయాడు. గొట్టం కదల్లేదు. మోకాలికి ఆనించి విరిచి చూశాడు. ఊహూఁ. గొట్టాన్నీ చెక్కనీ కలిపి కట్టేస్తే ఆ తుపాకీ ఇక విరగదనీ, విరగని తుపాకీ పేలదనీ అప్పుడు గాని ఆయనకి తట్టలేదు. కుందేలు చివరిదాకా చూసి వెళ్లింది. హెక్టర్ చిరాకులో గేటుకి ఒక్క ముడి వేసి ఇంటికొచ్చేశాడు.

తెల్లారి కాబేజీ మడిలో ఐలా పొట్టేలు పడుకుని ఉంది. పొట్ట డోలులా ఉబ్బింది. మడిలో మూడు మొదళ్లు మిగిలాయి. నోలీన్ మడి గట్టు మీద కూలబడిపోయింది. ఆమెని అలా చూసేసరికి హెక్టర్‌కి ప్రాణం చచ్చినంత పనయింది.

పొట్టేల్ని వెతుక్కుంటూ ఐలా వచ్చింది. "అయ్యయ్యో! గేటు విరగ్గొట్టుకుని మరీ వచ్చిందా ముదనష్టపుది! నా మొహం నీకెలా చూపించను నోలీన్?"

"అక్కా, అసలా గేటు..." అని హెక్టర్ మొదలుపెట్టాడు.

"నువ్వు ముందు ఆ పొట్టేల్ని లేపు," అంది నోలీన్, ఆయన వంక చూడకుండా.

"నా కాబేజీలు కోసిస్తాను. నీ పేరునే పెట్టు. ఈ ఏడు నేను పోటీలో ఉండను," అంది ఐలా. "కాదంటే నాకు నిద్రపట్టదు."

"వద్దు వదినా, నీవి నావెలా అవుతాయి?" అంది నోలీన్. మరో రెండుసార్లు వద్దని, బుట్ట తెచ్చింది.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత రట్లెడ్జ్ గారు బల్లలన్నీ చూసుకుంటూ వచ్చి, నోలీన్ పేరున్న కాబేజీల్ని వేలితో తట్టి, నిట్టూర్చి, చీటీ పెట్టి వెళ్లిపోయారు. 'మొదటి బహుమతి: తగిన సరుకు లేనందున ఎవరికీ ఇవ్వలేదు. రెండవ బహుమతి: శ్రీమతి నోలీన్ డాల్‌గ్లీష్.'

నోలీన్ చీటీ చదివింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. హెక్టర్ భయపడి చెయ్యి పట్టుకున్నాడు.

"హెక్టర్! అయితే ఇన్నేళ్లూ నా కాబేజీల తప్పేం లేదన్నమాట!" ఆమె కళ్లు మెరుస్తున్నాయి. అంత సంతోషంగా ఆమెని చూసి ఎన్నాళ్లయిందో ఆయనకి గుర్తులేదు.

ఐలా మొహం మాత్రం కందగడ్డయింది. విసవిసా వెళ్లి రట్లెడ్జ్ గారిని ఆపేసింది. "ఆ కాబేజీలకి ఏం తక్కువయిందయ్యా?"

రట్లెడ్జ్ గారు కళ్లజోడు తీసి, జాలిగా తుడుచుకున్నారు.

"పక్కన మీవి పెట్టుంటే మీకే తెలిసేదమ్మా."