బాగుచేయకండి, గుయ్‌మననివ్వండి!

తెలుగువారి సభలో గుయ్‌మనని ఆంప్లిఫయర్ కనబడితే వెంటనే దాన్ని పాడుచేయించాలి! నేనేదో ఉబుసుపోక అంటున్న మాట కాదిది. టెక్సస్‌లోని కాపెల్‌లో మా తెలుగు సంఘం ఉగాది సభల్లో ఆరేళ్ళుగా హాస్యప్రసంగం చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

ఆ గుయ్ అంటే ఏమనుకున్నారు? కరెంటువాళ్ళు ఉచితంగా ఇచ్చే తంబూరా! ఇండియాలో అది యాభై హెర్ట్జులు, ఇక్కడ అరవై. అమెరికా వచ్చాక మన శ్రుతి కూడా పెరిగిందన్నమాట. మా సంఘంలో పాడే పిల్లలందరూ దానికే అలవాటు పడ్డారు. ఓసారి ఎవరో పొరపాటున ప్లగ్ పీకితే, పాడుతున్న హంసిక ఇంకో రాగంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ స్టేజి ఎక్కి పిలిస్తేగాని తిరిగి రాలేదు.

మా అధ్యక్షులు పరంధామయ్యగారి స్వాగతోపన్యాసం సంగతో? అది గుయ్‌లో కలిసిపోబట్టే కదా, ఆయన ఏటేటా ఏకగ్రీవంగా ఎన్నికవుతున్నారు!

అన్నిటికన్నా ముఖ్యం నా జోకులు. ఆరేళ్ళుగా వాటికి ఎవరూ నవ్వలేదు. వినబడితే కదండీ నవ్వడానికి? వినబడి ఉంటే జనానికి పొట్ట చెక్కలయ్యేదని నా గట్టి నమ్మకం. రాసేవాడు బతకడానికి ఆ నమ్మకం చాలు.

ఆ నమ్మకానికి మా ఆవిడ జయంతి వల్ల ముప్పొచ్చింది. టెలికాం కంపెనీలో టెస్టింగ్ చేసేది. లేఆఫ్ అయ్యాక గరాజ్‌లో బల్ల వేసుకుని మల్టీమీటర్, సెకండ్‌హ్యాండ్ ఆసిలోస్కోప్, సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుంది. ఈ ఉగాదికి ముందు సంఘం ఆంప్లిఫయర్‌ని కూడా అక్కడికే తెచ్చింది.

స్పీకర్ తీసేసి డమ్మీ లోడ్ తగిలించింది. అంటే పంపిన పవరంతా మింగి, వేడెక్కి, నోరెత్తకుండా పడుండే లావుపాటి రెసిస్టర్. నేనుండగా మళ్ళీ అదొకటి కొనడమెందుకో!

ఆసిలోస్కోప్ తెర మీద ఆ గుయ్ ఆకుపచ్చ గీతై అలలు అలలుగా ఊగుతోంది. జయంతి మైకు కేబుల్ పీకేసి ఇన్‌పుట్‌ని షార్ట్ చేసింది. గీత బల్లపరుపుగా పడుకుంది.

"ఆంప్‌లో ఏ ఫాల్టూ లేదండీ. లోపలికి పంపించేదాంట్లోనే ఉంది" అంది.

"నా జోకులనేనా నువ్వంటోంది?"

"కేబుల్‌ని. బయటి గుయ్‌ని లోపలికి రానివ్వని షీల్డ్ తెగింది. మీటర్ బీప్ అనట్లేదు చూడండి."

"పోనీ వదిలెయ్ జయా. సిక్స్ ఇయర్స్ నుంచీ అడ్జస్ట్ అయిపోయాం కదా."

"ఈసారైనా మీ జోకులు అందరికీ వినపడొద్దూ?" అంటూ సోల్డర్ చేసేసింది. ప్రేమతోనే చేసింది. అదే నా బాధ.

సభ రోజున గుయ్ లేదు. పరంధామయ్యగారి ఉపన్యాసం ఆద్యంతం వినబడింది. సభ్యులు మొట్టమొదటిసారి ఆయనవంక అనుమానంగా చూశారు.

తరువాత నేను. నా దగ్గరున్న జోకుల్లోకెల్లా గొప్పది వదిలాను. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగుదామని మైకు కిందికి దించి నిలబడ్డాను. ఒక్కరూ నవ్వలేదు. వినబడలేదని అనుకోవడానికి ఇక వీల్లేదు కదా!

అప్పుడు ముందు వరసలో ఉన్న వీరాంజనేయులుగారు భార్యవైపు వంగి ఏదో గొణిగారు. నా చేతిలోని మైకు దాన్ని అందుకుంది. ఆంప్లిఫయర్ అక్షరం పొల్లుపోకుండా హాలంతటికీ వినిపించింది.

"ఈయన దిగితేగానీ పులిహోర స్టార్ట్ చెయ్యరా ఏంటి?"

హాలు దద్దరిల్లిపోయింది. పిల్లలు కుర్చీలెక్కి నవ్వారు. జయంతి కొంగు నోట్లో కుక్కుకోవడం నా కళ్ళతో చూశాను.

వచ్చే ఏడాది హాస్యప్రసంగం వీరాంజనేయులుగారిదేనట. నన్ను సౌండ్ సిస్టమ్ చూసుకోమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. కేబుల్ ఎక్కడ తెగితే గుయ్‌మంటుందో నాకిప్పుడు బాగా తెలుసు.